మిలిటరీ ఆఫీసర్ కావాలంటే నీకు అర్హత ఉందా? పది, ఇంటర్ పిల్లలకు సమగ్ర మార్గదర్శి

మన దగ్గర పదో తరగతి పాసైన పిల్లలకు జేఈఈ గురించి, నీట్ గురించి, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) గురించి చెప్పేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఇంటర్‌తోనే మిలిటరీ ఆఫీసర్ శిక్షణకు తీసుకునే అకాడమీ ఎన్‌డీఏ గురించి చెప్పేవాళ్లు అరుదు. అందుకే చిన్నప్పటి నుంచి ఆర్మీ ఆఫీసర్ కావాలని కలలుగన్న పిల్లలు కూడా ఆ దారి ఎక్కడ మొదలవుతుందో బీటెక్ రెండో ఏడాదికి వచ్చాక తెలుసుకుంటారు. అప్పటికి వయసు దాటిపోయి ఉంటుంది. చదువూ ఆరోగ్యమూ ధైర్యమూ అన్నీ ఉండి, కేవలం ఆలస్యంగా తెలిసినందుకు అవకాశం పోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

కాబట్టి ఈ మార్గదర్శి పరీక్షకు ఎలా చదవాలో చెప్పదు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి చెబుతుంది. మనం మార్చలేనివి ముందు, మార్చుకోగలిగినవి తర్వాత చూద్దాం. నువ్వు పదిలోనో ఇంటర్‌లోనో ఉన్నావనుకుని రాస్తున్నాను. పక్కన పదో తరగతి మెమో పెట్టుకుని చదువు.

ముందుగా ఒక గందరగోళం తీర్చుకుందాం

"మిలిటరీకి వెళ్తాను" అని ఇంట్లో చెప్తే చాలామంది పెద్దలకు గుర్తొచ్చేది రిక్రూట్‌మెంట్ ర్యాలీ, పరుగు పందెం. అది అగ్నివీర్ దారి. ఎక్కువ పోస్టులకు పదో తరగతి చాలు, పదిహేడున్నర ఏళ్లు నిండాలి, నాలుగేళ్ల సర్వీసు, ఆ తర్వాత 25 శాతం మంది వరకు కొనసాగే అవకాశం. గౌరవమైన ఉద్యోగమే. కానీ అది సైనికుడిగా చేరే దారి.

ఆఫీసర్ దారి పూర్తిగా వేరు. రాత పరీక్షో మార్కుల వడపోతో ఉంటుంది, ఆ తర్వాత ఎస్‌ఎస్‌బీ అనే ఐదు రోజుల ఇంటర్వ్యూ, మెడికల్ పరీక్ష, అకాడమీలో శిక్షణ. అది పూర్తయ్యాక ఆర్మీలో లెఫ్టినెంట్‌గా, నేవీలో సబ్ లెఫ్టినెంట్‌గా, ఎయిర్‌ఫోర్స్‌లో ఫ్లయింగ్ ఆఫీసర్‌గా మొదలవుతావు. లెఫ్టినెంట్ మూల వేతనం నెలకు 56,100 రూపాయలు. దానిమీద మిలిటరీ సర్వీస్ పే 15,500, డీఏ, ఇతర అలవెన్సులు కలుస్తాయి.

ఇంకో మాట. బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్ లాంటివి హోం శాఖ కింద ఉంటాయి. వాటిలో నేరుగా ఆఫీసర్‌గా చేరాలంటే డిగ్రీ తర్వాత అసిస్టెంట్ కమాండెంట్ పరీక్ష రాయాలి. ఇక్కడ మనం మాట్లాడుకునేది ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ గురించే.

మొదటి అడుగు: పుట్టిన తేదీ లెక్క

ఇంటర్ అర్హతతో ఆఫీసర్ అయ్యే ప్రధాన దారి ఎన్‌డీఏ, అంటే పుణె దగ్గర ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీ. దీని పరీక్షను యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. ఏప్రిల్‌లో రాసేదాన్ని ఎన్‌డీఏ-1 అంటారు, సెప్టెంబరులో రాసేదాన్ని ఎన్‌డీఏ-2 అంటారు. ఎన్‌డీఏ-1 రాసినవాళ్ల కోర్సు వచ్చే జనవరిలో మొదలవుతుంది. ఎన్‌డీఏ-2 వాళ్లది వచ్చే జూలైలో.

వయసు లెక్క పరీక్ష రోజుకి కాదు, కోర్సు మొదలయ్యే రోజుకి. ఆ నాటికి పదహారున్నర ఏళ్లు నిండి ఉండాలి, పందొమ్మిదిన్నర దాటకూడదు. నోటిఫికేషన్‌లో ఇది "ఫలానా తేదీకి ముందు, ఫలానా తేదీకి తర్వాత పుట్టి ఉండకూడదు" అని రెండు తేదీల రూపంలో ఉంటుంది. ఒక్క రోజు తేడా ఉన్నా దరఖాస్తు చెల్లదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక అమ్మాయి 2008 ఆగస్టు 15న పుట్టింది, 2026 మార్చిలో ఇంటర్ పరీక్షలు రాస్తుంది. ఆమెకు ఎన్ని అవకాశాలు?

2025 సెప్టెంబరు పరీక్ష: అప్పటికి ఇంటర్ రెండో ఏడాదిలో ఉంటుంది. కోర్సు 2026 జూలైలో. అప్పటికి వయసు 17 ఏళ్ల 10 నెలలు. రాయొచ్చు.
2026 ఏప్రిల్ పరీక్ష: కోర్సు 2027 జనవరిలో, వయసు 18 ఏళ్ల 4 నెలలు. రాయొచ్చు.
2026 సెప్టెంబరు పరీక్ష: కోర్సు 2027 జూలైలో, 18 ఏళ్ల 10 నెలలు. రాయొచ్చు.
2027 ఏప్రిల్ పరీక్ష: కోర్సు 2028 జనవరిలో, 19 ఏళ్ల 4 నెలలు. ఇదే చివరిది.
2027 సెప్టెంబరు పరీక్ష: కోర్సు 2028 జూలైలో, 19 ఏళ్ల 10 నెలలు. కుదరదు.

అంటే ఇంటర్ రెండో ఏడాదిలో అడుగుపెట్టగానే మొదలుపెడితే నాలుగు అవకాశాలు. "ముందు ఇంటర్ అయిపోనీ, తర్వాత చూద్దాం" అనుకుంటే రెండే మిగులుతాయి. ఏప్రిల్ పరీక్షకు దరఖాస్తులు ముందు ఏడాది డిసెంబరులోనే తీసుకుంటారు, సెప్టెంబరు పరీక్షకు మే-జూన్‌లో. పరీక్ష నెల కంటే ఈ దరఖాస్తు నెలలనే ముఖ్యంగా గుర్తుపెట్టుకో. నీ పుట్టిన తేదీతో ఇలాంటి పట్టికే ఇప్పుడే ఒక కాగితం మీద రాసుకుని గోడకు అంటించు.

ఈ లెక్కలో మన ఊళ్లలో తరచుగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. బడిలో చేర్చేటప్పుడు అసలు తేదీ గుర్తులేక, అడ్మిషన్‌కి వీలుగా జూన్‌లో ఏదో ఒక తేదీ వేయించేసిన పిల్లలు చాలామంది. యూపీఎస్సీ పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న తేదీనే చూస్తుంది. జాతకం, ఆసుపత్రి కాగితం, అఫిడవిట్ ఏవీ పనికిరావు. ఒకసారి వాళ్ల రికార్డులోకి వెళ్లిన తేదీని తర్వాత మార్పించుకోవడం కూడా కుదరదు. కాబట్టి ఇంట్లో పుట్టినరోజు ఎప్పుడు చేసుకున్నా సరే, లెక్క మాత్రం మెమో తేదీతోనే వెయ్యి. నువ్వు ఇంకా తొమ్మిదిలో ఉండి, బడి రికార్డులో తేదీ నిజంగానే తప్పుగా ఉంటే, పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా) బోర్డుకు వెళ్లకముందే అమ్మానాన్నలతో కలిసి హెడ్మాస్టర్ గారిని కలువు.

వయసులో ఎవరికీ సడలింపు లేదు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, అందరికీ ఒకే పరిమితి. ఆఫీసర్ ఎంపికలో కులాల వారీ రిజర్వేషన్లు కూడా ఉండవు. పెళ్లి కాకుండా ఉండాలి, శిక్షణ పూర్తయ్యేదాకా చేసుకోకూడదు.

రెండో అడుగు: ఇంటర్‌లో గ్రూపు

పుట్టిన తేదీ మన చేతిలో లేదు. గ్రూపు మన చేతిలోనే ఉంది, కానీ చేరేటప్పుడు మాత్రమే. అందుకే పదో తరగతి వేసవి సెలవులే ఈ మొత్తం ప్రయాణంలో కీలకమైన సమయం అంటాను.

ఎన్‌డీఏలో ఆర్మీ విభాగానికి ఏ గ్రూపుతో ఇంటర్ పాసైనా సరిపోతుంది. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్‌ఈసీ, ఏదైనా సరే. నేవీ, ఎయిర్‌ఫోర్స్ విభాగాలకు, ఇదే పరీక్షతో కేరళలోని ఎళిమల నేవల్ అకాడమీలో నేరుగా చేరే 10+2 క్యాడెట్ ఎంట్రీకి మాత్రం ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ మూడూ ఉండాలి. అంటే మన లెక్కలో ఎంపీసీ.

ఇక్కడే చాలామంది పొరబడతారు. "ఆర్మీకి ఏ గ్రూపైనా పర్వాలేదు" అన్న మాట విని నిశ్చింతగా సీఈసీలో చేరతారు. అర్హత వరకు అది నిజమే. కానీ రాత పరీక్షలో 300 మార్కుల మ్యాథ్స్ పేపర్ అందరికీ ఒకటే. ట్రిగనామెట్రీ, మాత్రికలు, కలనగణితం, వెక్టర్లు, సంభావ్యత, అన్నీ ఇంటర్ ఎంపీసీ స్థాయివే. పైగా ప్రతి పేపర్‌లోనూ కనీస మార్కులు రావాలి. జనరల్ నాలెడ్జ్ ఎంత బాగా రాసినా మ్యాథ్స్‌లో ఆ కనీసం రాకపోతే లెక్కలోకి రావు. బైపీసీ, సీఈసీ పిల్లలు ఆ లెక్కలను పక్కన సొంతంగా నేర్చుకోవాల్సిందే. సాధించినవాళ్లు లేకపోలేదు, కానీ అదనపు భారం అని తెలిసి దిగాలి. ఇంకా ఏ గ్రూపూ తీసుకోని పిల్లలకు నా సలహా సూటిగా ఒకటే: లెక్కలంటే మరీ భయం లేకపోతే ఎంపీసీ తీసుకో. మూడు దళాల తలుపులూ తెరిచి ఉంటాయి, ఎన్‌డీఏ రాకపోయినా ఇంజినీరింగ్ ఎటూ పోదు.

ఎన్‌డీఏకి ఇంటర్‌లో ఇంత శాతం రావాలనే నియమం లేదు, పాసైతే చాలు. పదో తరగతి మార్కులు ఎవరూ అడగరు. ఇంటర్ రెండో ఏడాది చదువుతూ ఉండగానే దరఖాస్తు చేయొచ్చు, కోర్సులో చేరే ముందు చెప్పిన గడువులోపు పాసైనట్టు రుజువు ఇవ్వాలి. మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లకు మాత్రం అర్హత లేదు. "ప్రాక్టీస్ కోసం ఒకసారి రాద్దాం" అని మొదటి ఏడాదిలో తప్పుడు వివరాలు ఇచ్చి రాయడం లాంటి పని అస్సలు చేయొద్దు. తప్పుడు సమాచారం ఇస్తే యూపీఎస్సీ పరీక్షల నుంచే నిషేధించే అధికారం వాళ్లకు ఉంది.

మూడో అడుగు: ఎన్‌డీఏ ఒక్కటే తలుపు కాదు

ఇంటర్ ఎంపీసీతో రాత పరీక్ష లేకుండా వెళ్లే దారులు కూడా ఉన్నాయి. ఇవి మన విద్యార్థులకు బాగా కలిసొస్తాయి, ఎందుకంటే ఎటూ జేఈఈ మెయిన్ రాస్తారు.

ఆర్మీలో టెక్నికల్ ఎంట్రీ స్కీమ్ ఉంది, అందరూ టీఈఎస్ అంటారు. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ కలిపి 60 శాతం, ఆ ఏడాది జేఈఈ మెయిన్ రాసి ఉండటం, వయసు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర. వడపోత తర్వాత నేరుగా ఎస్‌ఎస్‌బీకి పిలుస్తారు. నాలుగేళ్ల శిక్షణలో ఇంజినీరింగ్ డిగ్రీ, కమిషన్ (ఆఫీసర్ హోదా) రెండూ వస్తాయి. ఆ ఇంజినీరింగ్ నేర్పే మూడు మిలిటరీ కాలేజీల్లో ఒకటి సికింద్రాబాద్‌లోనే ఉంది.

నేవీలో 10+2 బీటెక్ క్యాడెట్ ఎంట్రీ. ఇక్కడ ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్‌లో 70 శాతం, పదిలో గానీ ఇంటర్‌లో గానీ ఇంగ్లిష్‌లో 50 శాతం ఉండాలి. జేఈఈ మెయిన్ ర్యాంకు ఆధారంగా ఎస్‌ఎస్‌బీకి పిలుస్తారు. చదువు ఎళిమలలో.

బైపీసీ పిల్లలకు పుణెలోని ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ కాలేజీ ఉంది. నీట్ ద్వారా ఎంబీబీఎస్ సీటు, చదువయ్యాక సాయుధ దళాల వైద్య సేవల్లో ఆఫీసర్ ఉద్యోగం. నీట్ రాసే వేలమంది మన పిల్లల్లో దీన్ని ఆప్షన్‌గా పెట్టేవాళ్లు తక్కువే. డాక్టరూ కావాలి, యూనిఫామూ వేసుకోవాలి అనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి దారి నాకు కనిపించదు.

వీటన్నిటికీ ఒకేసారి దరఖాస్తు చేయొచ్చు. ఒకదానిలో రాకపోతే ఇంకోదానిపై ఆ ప్రభావం పడదు.

అమ్మాయిలకు

"అమ్మాయిలు ఎన్‌డీఏ రాయొచ్చా?" అన్న ప్రశ్న ఇంకా వినిపిస్తూనే ఉంది. రాయొచ్చు. 2021లో సుప్రీంకోర్టు ఉత్తర్వు తర్వాత ఆ తలుపు తెరుచుకుంది. 2022లో చేరిన తొలి అమ్మాయిల బృందం నుంచి 17 మంది 2025 మే నెలలో అకాడమీ నుంచి శిక్షణ పూర్తిచేసుకుని బయటికొచ్చారు. వయసు, చదువు, పరీక్ష అన్నీ అబ్బాయిలతో సమానం. దరఖాస్తు ఫీజు లేదు.

సీట్లు మాత్రం తక్కువ. 2025 నోటిఫికేషన్‌లో ఆర్మీ విభాగానికి 208 సీట్లుంటే అందులో అమ్మాయిలకు 10. కాబట్టి కటాఫ్‌ని కాకుండా వీలైనన్ని ఎక్కువ మార్కులను లక్ష్యంగా పెట్టుకోవాలి. తెలంగాణలో భువనగిరి వైపు అమ్మాయిలకు ప్రత్యేకంగా సాయుధ దళాల సన్నాహక డిగ్రీ కాలేజీని సాంఘిక సంక్షేమ గురుకులాల సంస్థ నడుపుతోంది. డిగ్రీ తర్వాత ఆఫీసర్ కావాలనుకునే అమ్మాయిలు దాన్ని తప్పక పరిశీలించాలి.

నాలుగో అడుగు: ఒంటి లెక్కలు

రాత పరీక్ష, ఎస్‌ఎస్‌బీ రెండూ గట్టెక్కి మెడికల్‌లో ఆగిపోయే పిల్లలు ఉంటారు. రెండేళ్ల కష్టం చివరి మెట్టు దగ్గర ఆగిపోతే ఆ దెబ్బ నుంచి తేరుకోవడానికి చాలాకాలం పడుతుంది. అందుకే చదువు మొదలుపెట్టే ముందే ఒకసారి మంచి డాక్టర్ దగ్గర చూపించుకో.

ఎత్తు: అబ్బాయిలకు కనీసం 157 సెంటీమీటర్లు, అమ్మాయిలకు 152. ఎయిర్‌ఫోర్స్‌లో పైలట్ కావాలంటే 162.5. పైలట్లకు కాళ్ల పొడవు, కూర్చున్నప్పటి ఎత్తు కూడా కొలుస్తారు, కాక్‌పిట్‌లో ఇమడాలి కాబట్టి. పద్దెనిమిది లోపు వాళ్లకు ఇంకా పెరుగుతారని కొంత వెసులుబాటు ఇస్తారు.

కళ్లు: అందరూ అడిగేది ఇదే. కళ్లజోడు ఉన్నంత మాత్రాన ఆర్మీకి అనర్హుడివి కావు. పవర్ ఒక పరిమితిలోపు ఉండి, అద్దాలతో చూపు 6/6కి రావాలి. ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్ విభాగం మాత్రం చాలా కచ్చితంగా ఉంటుంది. దూరపు చూపు మందగించి మైనస్ పవర్ ఉంటే అక్కడ తీసుకోరు. నేవీ ప్రమాణం కూడా ఆర్మీ కంటే గట్టిది. రంగులు గుర్తించే శక్తిని విడిగా పరీక్షిస్తారు. వర్ణాంధత్వం చాలామందికి తమకు ఉన్నట్టే తెలియదు, కాబట్టి కళ్ల డాక్టర్‌ని ఆ పరీక్ష కూడా చేయమని అడుగు. మైనస్ పవర్ ఉన్న పిల్లల్లో కొందరు లేసిక్ (పవర్ తగ్గించే లేజర్ ఆపరేషన్) చేయించుకుంటే సరిపోతుందనుకుంటారు. తొందరపడొద్దు. డిగ్రీ తర్వాతి ఎంట్రీల్లో కూడా ఎయిర్‌ఫోర్స్ ఇరవై ఏళ్లు నిండకముందు చేయించుకున్న లేసిక్‌ని ఒప్పుకోదు. అంటే పదిహేడేళ్లకు చేయించుకున్న ఆపరేషన్ తర్వాతి దారిని కూడా మూసేస్తుంది.

మిగతావి: చదును పాదాలు, నిలబడినప్పుడు మోకాళ్లు తగలడం, మోచేయి మరీ బయటికి వంగి ఉండటం, చెవిలో గులిమి, ముక్కు దూలం వంకర, పుచ్చిన పళ్లు, అరచేతుల్లో విపరీతమైన చెమట, అధిక బరువు. వీటిలో గులిమి, పళ్లు, బరువు లాంటివి ముందే సరిచేసుకోవచ్చు. ముక్కు, హెర్నియా, వేరికోసిల్ లాంటి సమస్యలకు ఆపరేషన్ అవసరమైతే కోలుకునే సమయం చూసుకుని ముందే చేయించుకోవాలి. అందుకే మెడికల్‌కి పిలుపొచ్చాక డాక్టర్ దగ్గరికి పరిగెత్తడం ఆలస్యం.

పచ్చబొట్టు: మోచేయి లోపలి వైపు నుంచి మణికట్టు దాకా, అరచేతి వెనుక భాగంలో ఉన్న శాశ్వత పచ్చబొట్లకు మాత్రమే అనుమతి. భుజం మీదో మెడ మీదో ఉంటే కుదరదు. గిరిజన సంప్రదాయం ప్రకారం వేయించుకున్నవాళ్లకు మినహాయింపు ఉంది. జాతరలో సరదాగా స్నేహితుడి పేరు వేయించుకునే ముందు ఈ ఒక్క నియమం గుర్తుకు రావాలి.

మెడికల్‌లో అన్‌ఫిట్ అన్నంత మాత్రాన కథ ముగియదు. అప్పీల్ మెడికల్ బోర్డుకు, ఆ తర్వాత రివ్యూ బోర్డుకు వెళ్లే హక్కు ఉంది. అన్‌ఫిట్ అని చెప్పినప్పుడే కారణం, అప్పీల్ పద్ధతి, గడువు అడిగి రాసుకో.

ఒళ్లు కూడా అలవాటు చేయాలి. అకాడమీలో చేరే నాటికి 2.4 కిలోమీటర్లు పదిహేను నిమిషాల్లో పరిగెత్తగలగాలి, కనీసం 20 పుషప్‌లు, 20 సిటప్‌లు, 8 చినప్‌లు తీయగలగాలి అని నోటిఫికేషనే చెబుతుంది. రెసిడెన్షియల్ కాలేజీల్లో ఉదయం ఐదు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్స్‌లో కూర్చునే పిల్లలకు ఇదే కష్టం. అలాంటి చోట ఉంటే ఉదయం స్నానానికి ముందు ఇరవై నిమిషాలైనా గదిలోనే పుషప్‌లు, సిటప్‌లు తియ్యి, ఆదివారం గ్రౌండ్‌కి వెళ్లేందుకు వార్డెన్ అనుమతి అడుగు.

ఐదో అడుగు: కాగితాలు, దరఖాస్తు

మన పేర్లతో ఒక సమస్య ఉంటుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో అదే ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, లేదా చివరికి వెళ్లిపోతుంది. తండ్రి పేరు స్పెల్లింగ్ మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉంటుంది. దరఖాస్తులో పేరు మెమోలో ఉన్నది ఉన్నట్టు అక్షరం పొల్లుపోకుండా రాయాలి. ఆధార్‌ని ఇప్పుడే మెమోకి సరిపోయేలా మార్పించుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు. మీసేవకో ఆధార్ కేంద్రానికో ఒకసారి వెళ్తే అయ్యే పని.

దరఖాస్తు యూపీఎస్సీ ఆన్‌లైన్ పోర్టల్‌లోనే. ఫీజు 100 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు, అమ్మాయిలకు, ఆఫీసర్ కంటే కింది స్థాయిలోని జేసీఓ, ఎన్‌సీఓ, ఇతర ర్యాంకుల సైనికుల పిల్లలకు ఫీజు లేదు. హైదరాబాద్, విశాఖపట్నం, తిరుపతి లాంటి చోట్ల పరీక్ష కేంద్రాలు ఉంటాయి. ముందు దరఖాస్తు చేసినవాళ్లకు ముందు కేటాయిస్తారు, ఆలస్యమైతే దూరపు కేంద్రం పడొచ్చు. సర్వీసుల ప్రాధాన్య క్రమం నింపేటప్పుడు నెట్ సెంటర్ వాళ్లకు వదిలేయకు. నువ్వే కూర్చుని, ఆలోచించి నింపు. నువ్వు పెట్టని సర్వీసు నీకు ఇవ్వరు.

పరీక్ష ఒకే రోజు రెండు పూటలా ఉంటుంది. ఉదయం మ్యాథ్స్, రెండున్నర గంటల్లో 120 ప్రశ్నలు, 300 మార్కులు. మధ్యాహ్నం జనరల్ ఎబిలిటీ, మళ్లీ రెండున్నర గంటలు, 150 ప్రశ్నలు, 600 మార్కులు. అందులో ఇంగ్లిష్‌కు 200, సైన్సు, చరిత్ర, భూగోళం, వర్తమాన వ్యవహారాలకు 400. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత. ఈమధ్య రాత పరీక్ష కటాఫ్ 900కి సుమారు 300 దగ్గర ఉంటోంది. టాపర్లకే వస్తుందన్న భయం అక్కర్లేదు, పద్ధతిగా చదివే మామూలు విద్యార్థికి అందేదే.

ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. తెలుగు మీడియం పిల్లలు ఇక్కడ నిరుత్సాహపడొద్దు. లెక్కల పదాలు ఇంగ్లిష్‌లో ఒకసారి పట్టుబడితే లెక్క ఏ భాషలోనైనా లెక్కే. ఇంగ్లిష్ విభాగం కోసం రోజూ ఒక ఇంగ్లిష్ పేపర్ నుంచి ఒక్క వార్త బయటికి చదివి, దాన్నే నీ మాటల్లో మళ్లీ చెప్పడం అలవాటు చేసుకో. ఈ అలవాటు తర్వాత ఎస్‌ఎస్‌బీలో అంతకు రెట్టింపు ఉపయోగపడుతుంది.

రాత పరీక్ష ఫలితం వచ్చాక రెండు వారాల్లోపు జాయిన్ ఇండియన్ ఆర్మీ వెబ్‌సైట్‌లో కూడా రిజిస్టర్ చేసుకోవాలి. ఫలితం చూసి సంబరంలో ఇది మర్చిపోతే ఎస్‌ఎస్‌బీ పిలుపే రాదు.

ఆరో అడుగు: ఎస్‌ఎస్‌బీ

రాత పరీక్షకు 900 మార్కులైతే ఎస్‌ఎస్‌బీకి కూడా 900. ఐదు రోజులు అక్కడే ఉండాలి. మొదటి రోజు స్క్రీనింగ్: రీజనింగ్ పరీక్ష, ఒక బొమ్మ చూపించి కథ రాయించడం, దానిపై గుంపులో చర్చ. సగానికి పైగా అభ్యర్థులు సాధారణంగా ఆ సాయంత్రమే వెనక్కి వస్తారు. నిలిచినవాళ్లకు మానసిక పరీక్షలు, గ్రౌండ్‌లో గుంపుగా చేసే పనులు, ఒక ఆఫీసర్‌తో ఇంటర్వ్యూ, చివరి రోజు బోర్డు ముందు సమావేశం.

మానసిక పరీక్షల్లో ఒకటి ఇలా ఉంటుంది: తెర మీద ఒక్కో పదం పదిహేను సెకన్లు కనిపిస్తుంది, ఆలోపు దానితో ఒక వాక్యం రాయాలి. అలా అరవై పదాలు. బట్టీపట్టిన వాక్యాలు ఇరవయ్యో పదానికల్లా అయిపోతాయి, ఆ తర్వాత బయటికొచ్చేది అసలు నువ్వే. కోచింగ్‌లో నేర్పే రెడీమేడ్ జవాబుల మీద నాకు నమ్మకం లేకపోవడానికి కారణం ఇదే. అంతకంటే క్లాస్ లీడర్‌గా చేసిన పని, ఊళ్లో వినాయక మండపం లెక్కలు రాయడం, తమ్ముణ్ని ఆసుపత్రికి తీసుకెళ్లి అన్నీ చూసుకోవడం, ఎన్‌సీసీ క్యాంపు, వాలీబాల్ టీమ్, ఇలాంటివే అక్కడ మాట్లాడటానికి నీ దగ్గర ఉండే సరుకు. పదో తరగతి నుంచే వాటిలో నిజంగా పాలుపంచుకో.

మొదటిసారి వెళ్లేవాళ్లకు రైలు చార్జీ ఇస్తారు, టికెట్ జాగ్రత్తగా దాచుకో. మాట్లాడేది ఇంగ్లిష్‌లోనో హిందీలోనో. యాస గురించి సిగ్గుపడనక్కర్లేదు, అర్థమయ్యేలా చెప్తే చాలు. ఒకసారి రాకపోతే వయసు ఉన్నన్నాళ్లు మళ్లీ వెళ్లొచ్చు. ఒక్క మినహాయింపు పైలట్ పరీక్ష: ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్ విభాగం కోసం పెట్టే కంప్యూటర్ ఆధారిత పరీక్ష జీవితంలో ఒక్కసారే. అందులో తప్పితే పైలట్ దారి శాశ్వతంగా మూసుకుపోతుంది, మిగతా విభాగాలు మాత్రం ఉంటాయి.

అమ్మానాన్నలకు కొన్ని మాటలు

ఖర్చు గురించి భయపడుతుంటే వినండి. ఎన్‌డీఏలో శిక్షణ, వసతి, భోజనం, పుస్తకాలు, యూనిఫాం, వైద్యం అన్నీ ప్రభుత్వమే భరిస్తుంది. పిల్లల చేతి ఖర్చులు, చేరేటప్పుడు కట్టే కొంత డిపాజిట్ మాత్రం మీవి. ఆదాయం తక్కువున్న కుటుంబాలకు దానికీ సాయం ఉంది. మూడేళ్లు అక్కడ చదివాక పిల్లలకు ఢిల్లీలోని జేఎన్‌యూ (జవహర్‌లాల్ నెహ్రూ యూనివర్సిటీ) డిగ్రీ వస్తుంది. ఆ తర్వాత ఆర్మీ వాళ్లు డెహ్రాడూన్‌కి, నేవీ వాళ్లు ఎళిమలకి, ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్ వాళ్లు మన హైదరాబాద్ పక్కనున్న దుండిగల్ అకాడమీకి వెళ్తారు. ఆ చివరి దశ శిక్షణలో నెలకు 56,100 స్టైపెండ్ ఉంటుంది. ఒక మాట ముందే తెలుసుకోండి: సొంత ఇష్టంతో మధ్యలో మానేస్తే శిక్షణ ఖర్చు తిరిగి కట్టాలని బాండ్ రాయించుకుంటారు. కాబట్టి పిల్లవాడి కోరికా, మీ కోరికా అన్నది ముందే తేల్చుకోండి.

పిల్లలు ఇంకా చిన్నవాళ్లైతే ముందు నుంచే దారి ఉంది. సైనిక్ స్కూళ్లలో ఆరో తరగతికి 10-12 ఏళ్ల మధ్య, తొమ్మిదికి 13-15 ఏళ్ల మధ్య ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో కోరుకొండ, కలికిరి స్కూళ్లు ఉన్నాయి. డెహ్రాడూన్‌లోని రాష్ట్రీయ ఇండియన్ మిలిటరీ కాలేజీలో ఎనిమిదో తరగతికి చేర్చుకుంటారు. అయితే ఇవేవీ తప్పనిసరి కాదు. ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివిన పిల్లలకూ ఎన్‌డీఏలో అంతే హక్కు ఉంది.

వయసు దాటిపోయిందా?

పట్టిక వేసుకుని చూస్తే ఒక్క అవకాశం కూడా మిగలలేదనుకో. డిగ్రీ చేస్తూ సిద్ధం కావడమే. డిగ్రీ వాళ్లను ఆఫీసర్లుగా తీసుకోవడానికి యూపీఎస్సీ పెట్టే సీడీఎస్ పరీక్షకు డిగ్రీ చివరి ఏడాదిలోనే దరఖాస్తు చేయొచ్చు, అకాడమీని బట్టి 24, 25 ఏళ్ల దాకా వయసు ఉంటుంది. ఎయిర్‌ఫోర్స్‌కి ఆ దళమే పెట్టే ఏఎఫ్‌క్యాట్ పరీక్ష ఉంది: ఫ్లయింగ్‌కి 20-24, గ్రౌండ్ డ్యూటీకి 20-26. బీటెక్ వాళ్లకు ఆర్మీ టెక్నికల్ ఎంట్రీల్లో 27 దాకా అవకాశం ఉంది. కాలేజీలో ఎన్‌సీసీ ఉంటే మొదటి ఏడాదే చేరు. సీ సర్టిఫికెట్ కనీసం బీ గ్రేడ్‌తో, డిగ్రీలో 50 శాతం మార్కులు వస్తే, ఆర్మీ ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీలో రాత పరీక్ష లేకుండా నేరుగా ఎస్‌ఎస్‌బీకి వెళ్తావు. రెండో ఏడాదిలో చేరతానంటే చాలా కాలేజీల్లో సీ సర్టిఫికెట్ దాకా వెళ్లే సమయం ఉండదు, అందుకే అడ్మిషన్ రోజునే ఎన్‌సీసీ ఆఫీసర్ ఎవరో కనుక్కుని పేరు ఇచ్చి రా.